రాతిదుమ్ము పట్టిన గొంతు

ఆ రోజుల్లో ఆళ్లగడ్డలో మగపిల్లలు ఎలా పెద్దవాళ్లవుతారో ఎవరూ చెప్పేవారు కారు, ఎలాగో అయిపోయేవారు. బడిలో ఆ పాఠం రాగానే సైన్సు అయ్యవారు, "ఇది ఇంటికాడ సదువుకోండిరా" అని మొక్కల పాఠానికి వెళ్లిపోయేవారు. ఇంట్లో అడిగితే, "బళ్లో చెప్తారు లే" అనేవాడు నాయన. ఈ రెంటి మధ్యా నాకు మిగిలింది నంద్యాల లైబ్రరీ.

తొమ్మిదో తరగతిలో ఒకనాడు హాజరు పలికితే నా గొంతు నాయన గొంతులా మొదలై చెల్లెలి గొంతులా ముగిసింది. క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. ఆ ఆదివారమే బస్సెక్కి నంద్యాల వెళ్లి, ఆరోగ్యం గురించిన లావుపాటి పుస్తకం ఒకటి తీశాను. విషయసూచికలో 'యౌవనంలో మార్పులు' అని ఉంది గానీ, ఆ పేజీలను నాకంటే ఎక్కువ ఆసక్తి గల పాఠకుడెవరో చించుకుపోయాడు. తర్వాతి అధ్యాయం, 'రాతిదుమ్ముతో వచ్చే జబ్బులు', భద్రంగా ఉంది. మా నాయన విగ్రహాలు చెక్కే శిల్పి. నేను పెరిగిందే ఆయన రాళ్లు చెక్కే కొట్టంలో. గొంతు బొంగురుపోవడం మొదలుకొని లక్షణాలన్నీ సరిపోయాయి. (నా మొటిమల సంగతి అందులో లేదు. అది వైద్యశాస్త్రానికి నేను చేర్చిన లక్షణమనుకున్నాను.)

సాయంత్రం అన్నం దగ్గర ప్రకటించాను. "నాయనా, నాకు రాతిదుమ్ము పట్టింది. ఇంగ శానా రోజులు బతకను."

"ఎవురు చెప్పినారు?"

"పుస్తకంలో ఉండాది."

చదువురాని నాయనకు పుస్తకమంటే కోర్టు తీర్పు. ముద్ద కింద పెట్టేశాడు. మరునాడు ఉలి ముట్టకుండా నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు నాచేత రెండు మాటలు పలికించి, నా పెదవి పైన నూగు చూసి, "వయసు గదప్పా, అంతే" అన్నాడు. ఉత్త చేతులతో పంపడం బాగుండదని దగ్గు మందు రాశాడు. సీసా అంతా తాగాను.

తిరిగి వచ్చేటప్పుడు నాయన రోడ్డు వైపే చూస్తూ, "నాకూ ఇట్లనే అయిండె" అన్నాడు.

"అప్పుడేం జేసినావు నాయనా?"

"మాట్లాడేది మానేసినా."

(ఊళ్లో ఆయన్ను గంభీరమైన మనిషని చెప్పుకునేవారు.)

ఇప్పుడు మా అబ్బాయికి ఆ వయసొచ్చింది. లైబ్రరీలో దొరికినవన్నీ చదివి, ఉపన్యాసం సిద్ధం చేసుకుని వాణ్ణి పిలిచాను.

"మా మేడం చెప్పింది నాయనా. ఆడపిల్లోళ్లను, మమ్మల్ని ఒకే కాడ కుచ్చోబెట్టి. స్వరపేటిక పెరుగుతాదంట. నీకేమన్నా డౌట్లుంటే అడుగు" అన్నాడు, సగం నా గొంతుతో, సగం వాళ్లమ్మ గొంతుతో.

"భయం కాలేదా రా?"

"ఎందుకు?"

తన గోలీలన్నీ చెల్లెలికి ఇచ్చేసి చావుకు సిద్ధపడ్డ పిల్లాడొకడు గుర్తొచ్చాడు. "ఏం లేదు లే" అన్నాను.

(గోలీలు మా చెల్లెలు తిరిగి ఇవ్వలేదు.)