నిన్న పట్టిన నీళ్ళు

మా జువాలజీ మేడమ్ గారు పోయారని మొన్న ఉదయం వాళ్ళాయన ఫోన్ చేశారు. ఫోన్ పెట్టేశాక ఎక్కడా లేని బ్లీచింగ్ పౌడర్ వాసన ముక్కుకి తగిలింది. ఆవిడ గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇంతే.

తొంభైల చివర్లో అమలాపురంలో ఒక కాలేజీలో ఆవిడ లెక్చరర్, నేను డిమాన్‌స్ట్రేటర్ని. ఐనవిల్లి వైపు పంట కాలవలో దోమతెర ముక్కతో పట్టుకొచ్చిన నీలం చారల చిన్న చేపల్ని ల్యాబ్‌లో గాజు సీసాల్లో పెంచేవారు. పుస్తకాల్లో జీబ్రా ఫిష్ అంటారు. అవి తెల్లవారగానే గుడ్లు పెడతాయని పాలవాడికంటే ముందే వచ్చి తాళం తీసేవారు. గుడ్డు అద్దంలా ఉండి, మైక్రోస్కోపులో లోపల జరిగేదంతా కనిపించేది.

"చూడమ్మా, రెండో రోజుకే కాపలా కణాలు తిరిగేస్తున్నాయి. కానీ వచ్చిన రోగాన్ని గుర్తుపెట్టుకునే కాపలా తయారవడానికి ఇంకా వారాలు పడుతుంది. ఈలోగా ఎలా బతుకుతున్నాయంటావు?" అనేవారు.

అడుగుతున్నది చేపల గురించే కాదని నాకు తెలుసు. ఆవిడ బాబు ఏడో నెలలో, జలుబు మీద జలుబు చేసి పోయాడు. రోగాన్ని ఆపే శక్తి పుట్టుకతోనే లేదన్నారట డాక్టర్లు.

నీళ్ళ దగ్గర ఆవిడకి మహా చాదస్తం. కుళాయి నీళ్ళు బకెట్లో పట్టి, మూత లేకుండా రోజంతా ఉంచాల్సిందే. "బ్లీచింగ్ మందు ఎగిరిపోవాలమ్మా, లేకపోతే మొప్పలు కాలిపోతాయి" అనేవారు. నేను చాటుగా నవ్వుకునేదాన్ని.

ఒక తుఫానుకి ఆవిడ మామిడికుదురులో చిక్కుకుపోయారు. కుళాయిలు రాలేదు. నూతినీళ్ళేగా, వీటిలో మందెక్కడిదని తోడి పోసేశాను. ముందు రోజే నూతుల్లో బ్లీచింగ్ కలిపారు. ఊరంతా అదే వాసన కావడంతో, చేపలు వెల్లకిలా తేలేదాకా నాకు తట్టలేదు.

మేడమ్ గారు వచ్చి ఒక్కో సీసా వెలుతురుకి ఎత్తి చూశారు. "నా చేతుల్లో ఏదీ నిలవదమ్మా" అన్నారు.

నేను నోరు తెరవలేదు. ఉద్యోగం పోతుందని కాదు, ఆవిడ దగ్గర చులకనైపోతానని. అంత పిరికిదాన్ని. తర్వాత ఎన్నోసార్లు చెప్పబోయి మానేశాను. ఆవిడ మళ్ళీ చేపలు తెచ్చుకున్నారు; రిటైరయ్యాక అవి ఇంటి వరండాలోకి చేరాయి.

పలకరించడానికి వెళ్తే వాళ్ళాయన బకెట్ చూపించారు.

"పోయే ముందు రోజు ఆవిడే పట్టిందమ్మా, రేపు మార్చాలని. నాకు చేతకాదు. నువ్వు పోసి పెడతావా?"

"ఆయ్, అలాగేనండీ బాబాయిగారూ" అన్నాను. అని, అక్కడే నిలబడి నా తప్పంతా చెప్పేశాను.

"ఆవిడతో అనవలసిందమ్మా. 'నా చేతుల్లో ఏదీ నిలవదు' అని నిద్దట్లో కూడా అనేది" అన్నారాయన.

వంగి బకెట్ వాసన చూశాను. ఏ వాసనా లేదు. గ్లాసుతో కొంచెం కొంచెంగా పోస్తుంటే చేపలన్నీ పైకొచ్చి నా వేళ్ళ చుట్టూ చేరాయి. ఆవిడ చెయ్యనుకున్నాయి.