తొక్కినవా?

సారపాకలో మా పక్కింటి మామను తలుచుకుంటే ముందు ఆయన గొంతే వినిపిస్తుంది. ఏటా వానలకు ముందు పాత కారు బయటికి తీసి, సిలిండర్లలో కంప్రెషన్ ఎంతుందో ఇంట్లోనే చూసుకునేవాడు. స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో గేజి బిగించి, ఎత్తిన బానెట్ వెనక నుంచి "తొక్కినవా?" అని అడిగేవాడు. సీట్లో ఉన్న అత్త యాక్సిలరేటర్ నేలకంటా నొక్కి "తొక్కిన" అనేది.

"అయితే సెల్ఫ్ కొట్టు."

అత్త చనిపోయాక వచ్చిన ఎండాకాలం, సాయానికి నేను వెళ్లాను.

"సీట్ల నేను కూసుంటా మామా."

"వద్దు బిడ్డా. నువ్వు గిటొచ్చి గేజి చూడు."

నా పక్కనే నిలబడి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ "తొక్కినవా?" అన్నాడు. కాసేపు ఆగి, తల ఊపాడు.

"అయితే సెల్ఫ్ కొట్టు."

ఇంజను తిరిగింది. గేజి ముల్లు ఎప్పటిలాగే లేచింది.

నేను బానెట్ చుట్టూ తిరిగి తలుపు దగ్గరకు పరుగెత్తాను. సీట్లో ఎవరూ లేరు. అయినా అది పొట్టి మనిషి కోసం జరిపినట్టు స్టీరింగ్‌కు బాగా దగ్గరగా ఉంది. యాక్సిలరేటర్ నేలకు అంటుకుని ఉంది.

"ఇగ చాలు, కాలు తియ్యి" అన్నాడు మామ, చాలా మెత్తగా.

పెడల్ మెల్లగా పైకి లేచింది.