మేస్త్రిగారి మంచం దగ్గర చెకింగ్

ముప్పై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన కండక్టరమ్మకు ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాలేదు. ఇంజను మోతను దాటి వెనక సీటు దాకా వెళ్లిన గొంతు అది. రెండు గదుల ఇంట్లో దానికి చోటేది? కాపలాకని ఒక కుక్కను తెచ్చుకుంది. ఎవరొచ్చినా ముందు వాళ్ల సంచిలో మూతి పెట్టి చూసేది కనుక దానికి ‘చెకింగ్’ అని పేరు పడింది. ఆ సోదా అయ్యాక, వచ్చినవాడు ఎవడైనా సరే, కాళ్ల దగ్గర వెల్లకిలా పడి పొట్ట చూపించేది.

“అక్కా, ఇది కాపలాకి పనికిరాదుగానీ మా ఆసుపత్రికి పనికొస్తుందే,” అంది నర్సు చెల్లెలు. “రోగుల దగ్గర కూర్చోబెట్టడానికి ఇలాంటివే కావాలి. నేర్పిస్తారు, పరీక్ష కూడా పెడతారు.”

నాలుగు నెలలు ఆవిడా, కుక్కా ఇద్దరూ బుద్ధిగా నేర్చుకున్నారు. పరీక్షరోజున ఆసుపత్రిలో చెకింగ్ పక్కన స్టీలు పళ్లెం దభాలున పడేశారు. చక్రాల కుర్చీని తోకను రాసుకుంటూ తోశారు. అది ఆవులించింది. తీరా వరండాలోకి వచ్చేసరికి జనం గుమిగూడి దారికి అడ్డంగా నిలబడ్డారు. కండక్టరమ్మ ఒళ్లు మరిచింది.

“జరగాలి, జరగాలి! లోపల బోలెడు ఖాళీ ఉంది!”

పక్క వార్డులో మందుల మత్తులో ఉన్న రోగి ఒకాయన మంచం మీదే పక్కకు జరిగాడు.

పరీక్ష పెట్టినాయన నవ్వాపుకుంటూ, “కుక్క పాసైందమ్మా. మీరే ఫెయిల్,” అన్నాడు.

నెల్లాళ్లు ఆవిడ గుసగుసలు సాధన చేసింది. పాలవాడితో గుసగుస, ఫోనులో గుసగుస. “అక్కా, ఒంట్లో బాలేదా?” అని చెల్లెలు హడలిపోయి పరిగెత్తుకొచ్చింది. రెండోసారి ఎలాగో గట్టెక్కారు.

మొదటి వార్డులోనే తాపీమేస్త్రి తగిలాడు. పక్షవాతంతో కుడిచెయ్యి పట్టు తప్పింది. కదిపితే కదులుతుందని డాక్టర్లు చెప్పినా కదపడు, మాటకు లోటేమీ లేదన్నా నోరు విప్పడు. వ్యాయామం చేయించే అమ్మాయి రబ్బరు బంతి ఇస్తే కిందికి జారవిడిచి గోడవైపు తిరిగి పడుకునేవాడు. బతిమాలి బతిమాలి భార్య నోరు ఎండిపోయింది.

మూడు వారాలు చెకింగ్ ఆయన మంచం అంచున గడ్డం ఆనించి కూర్చుంది. నాలుగో వారం కండక్టరమ్మ ఆయన కుడి అరచేతికి పట్టీ ఉన్న బ్రష్షు తొడిగి, “మేస్త్రిగారూ, దీని వీపు చూడండి, అంతా ఎత్తుపల్లాలే. కాస్త సాపు చేసిపెట్టరూ?” అంది.

మేస్త్రి చాలాసేపు ఆ వీపు వంకే చూశాడు. బ్రష్షు బెత్తెడు జరిగి ఆగింది. మళ్లీ జరిగింది, తడిగోడ మీద తాపీ ఆడించినట్టు. గిలిగింతలు పుట్టాయో ఏమో, చెకింగ్ మెలికలు తిరిగింది.

“ఏయ్, కదలకు!” అన్నాడు మేస్త్రి. “పని పాడైపోతుంది!”

భార్య చేతిలోంచి గ్లాసు జారిపోయింది. “నలభై రోజులకి నోరు విప్పి కుక్కని తిడతావా? నన్ను కూడా ఒకటి తిట్టవయ్యా!” అని ఏడుపూ నవ్వూ కలిపి అందుకుంది.

“నువ్వు పక్కకి జరుగు. వెలుతురుకి అడ్డం.”

వార్డంతా పకపకలు. కండక్టరమ్మ నవ్వలేక కిటికీ పట్టుకుని వేలాడింది.

రెండు నెలలకు మేస్త్రి కుడిచేత్తో చెకింగ్ గొలుసు పట్టుకుని వరండా చివరిదాకా నడిచాడు. దారిపొడవునా ఆగి, గోడల మీద వేలితో కొట్టి వంకలు చెప్పాడు. పెద్ద డాక్టరు చేతులు కట్టుకుని మరీ విన్నాడు. ఇంటికి వెళ్లేరోజు కాగితాల మీద కుడిచేత్తోనే సంతకం పెట్టాడు. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి.

“ఇదేం సంతకం?” అంది భార్య.

“పెళ్లినాటి సంతకం తీసి చూడు. ఇంతే ఉంటుంది,” అన్నాడు మేస్త్రి, చెకింగ్ చెవి వెనక గోకుతూ.