తలుపుకు కట్టిన తుమ్మకంప

అమరచింత దగ్గరి ఒక ఊళ్లో నేను బడిపంతులుగా ఉన్న రోజుల్లో ఓటర్ల జాబితా సవరించే పని నా మీద పడింది. ఆదివారాలు గద్వాల వెళ్లి మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. గుమ్మానికి దిష్టిబొమ్మ కనిపిస్తే చాలు, ఆ ఇంటివాళ్లతో వాదానికి దిగేవాణ్ణి.

ఊరి చివరి వాడలో ఒక ఇంటి తలుపుకు అడ్డంగా తుమ్మకంప కట్టి ఉంది. వాకిట్లో పాత కుండ బోర్లించి ఉంది. చావు జరిగితే కీడని ఇల్లు వదిలి వెళ్లేవాళ్ల గురించి అంతకు ముందు వారమే ఉపన్యసించాను. ఇదీ అదేననుకున్నాను. పక్కింట్లో ఒక మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. తనకు అంతా తెలుసనుకున్నవాడు ఎందుకు అడుగుతాడు? 'ఇల్లు వదిలి వెళ్లారు' అని రాసి నాలుగు పేర్లు కొట్టేశాను.

పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ఆ ఇంటామె కర్ణాటకలో కాలువ పని నుంచి భర్తనూ అత్తమామలనూ వెంటబెట్టుకుని వచ్చింది. పోతే మళ్లీ రావద్దని మేస్త్రి అన్నాడట. అయినా వచ్చారు. ఆ వాడ నుంచి మొదటిసారిగా ఆమె తమ్ముడు వార్డుకు నిలబడ్డాడు. గెలిస్తే వాడలో బోరింగు వేయిస్తానన్నాడు. అప్పటిదాకా వాళ్లు పెద్దకులాల బావి దగ్గర కడవలతో నిలబడి, ఎవరైనా తోడి పోస్తే పట్టుకునేవాళ్లు.

ఓట్లు వేసేది మా బడిలోనే. నేను వరండాలో ఉన్నాను. పేర్లు లేవని లోపలివాళ్లు పంపేస్తే ఆమె నా దగ్గరికి వచ్చింది.

"సారు, మా పేర్లు ఎవరు తీసిండ్రు?"

ఇల్లు వదిలి వెళ్లారని రాసి ఉందన్నాను. రాసిందెవరో చెప్పలేదు.

"ఇడిసిపోయెటోళ్లు కంపెందుకు కడ్తరు సారు? మేకలు జొరబడి ఇల్లు ఆగం జేస్తయని కట్టి పోతిమి. మల్లొచ్చెటోళ్లే గద కంప కట్టేది."

వెనక నుంచి ఆమె మామ అన్నాడు: "మేకలకున్న ఎరుక లిస్టు రాసినోనికి లేదు పిల్లా. పా, పోదం."

తమ్ముడు మూడు ఓట్ల తేడాతో ఓడాడు. బోరింగు గెలిచినవాడి ఇంటి ముందు పడింది. ఆమె కడవ పట్టుకుని మళ్లీ ఆ బావి దగ్గరే నిలబడింది. పంటల్లేక నెల తిరగకుండానే నలుగురూ ఇంకో మేస్త్రి వెంట పోయారు.

రెండేళ్లకు, వలసకూలీల రాజకీయాల మీద పరిశోధన చేస్తూ పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. వలస పోయేవాళ్లకు ఓటు మీద ఆసక్తి ఎందుకుండదన్నది ఆయన ప్రశ్న. జవాబు ముందే పెట్టుకుని వచ్చాడు, నేను ఆ ఇంటి ముందుకు వెళ్లినట్టే. ఆయన్ని ఆ వాడకు తీసుకెళ్లాను. తలుపుకు మళ్లీ కంప ఉంది.

ఇదేమైనా నమ్మకమా అంటూ కలం తీశాడు. మేకలు రాకుండా కట్టారన్నాను. అది ఆయన రాసుకోలేదు.

ఈ ఇంటివాళ్లు పోయినసారి ఓటు వేశారా అని అడిగాడు.

వేయలేదన్నాను.

అది రాసుకున్నాడు.