స్కూటరు ప్లగ్గు, అమ్మ బైబిలు సంచి

మొన్న పొద్దున మా అపార్టుమెంటు సెల్లారులో కోడలి స్కూటీ మీదికి పిల్లి దూకిందో లేదో, ఆ బండి వీధంతా వినపడేలా కేకలు మొదలుపెట్టింది. దొంగలు రాకుండా అట, ఆ ఏర్పాటు. దొంగ సంగతి దేవుడెరుగు, నా కాఫీ మాత్రం చీర మీద ఒలికిపోయింది. ఈ దొంగల భయం ఏ కాలంలోనైనా ఇంట్లోవాళ్ళనే కాల్చుకు తింటుంది కాబోలు.

స్కూటరు కోసం పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఇళ్ళవాళ్ళు మీలో ఉంటే, మా నాన్నను అర్థం చేసుకోగలరేమో. నా వల్ల మాత్రం ఇప్పటికీ కాలేదు. డెబ్భైలలో, గుణదలలోని మా అద్దె ఇంటికి స్కూటరు వచ్చిన సాయంత్రం నుంచే ఆయనకు మనశ్శాంతి పోయింది. ముందు చక్రాన్ని గేదెల్ని కట్టే గొలుసుతో కిటికీ ఊచకు కట్టేసేవారు, చూసేవాళ్ళకు పాతదనిపించాలని చిరిగిన దుప్పటి కప్పేవారు, అదీ చాలక బండి స్టార్టు కాకుండా ఇంజనులోంచి ప్లగ్గు ఊడదీసి, గుడ్డలో చుట్టి, అమ్మ బైబిలు సంచిలో పెట్టేవారు. ఆ సంచి జోలికి ఏ దొంగా రాడని ఆయన ధీమా. పొద్దున్నే చెయ్యి చాపితే అమ్మ తీసి ఇవ్వాలి. ఆదివారం ఆరాధనలో ఆవిడ సంచి తెరిస్తే వాక్యం కంటే ముందు పెట్రోలు వాసన వచ్చేది. పెళ్ళిళ్ళకు వెళితే నాన్న వధూవరులకు వీపు పెట్టి, బండి కనపడే కుర్చీలో కూర్చునేవారు. చెప్పీ చెప్పీ అమ్మ విసిగిపోయింది.

ఆ ఏడే మైలవరంలో ఒక బడిలో టీచరు ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూకి పిలిచారు. అది వస్తే నా కాళ్ళ మీద నేను నిలబడవచ్చని, వచ్చే సంబంధాలను కొంతకాలం ఆపవచ్చని ఎంత ఆశపడ్డానో. పొద్దుటి బస్సుకు వెళతానంటే, ఇంట్లో స్కూటరు పెట్టుకుని బస్సేమిటని నాన్న కోప్పడి, తానే తీసుకెళతానన్నారు. ముందురోజు సాయంత్రం పామర్రులో పిన్నికి నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే, అమ్మ ఉన్నపళంగా బైబిలు సంచి చంకన పెట్టుకుని బస్సెక్కింది. అందులో ప్లగ్గు పెట్టిన మనిషే దగ్గరుండి ఎక్కించి వచ్చారు.

తెల్లారి నేను సర్టిఫికెట్లు పట్టుకుని నిలబడితే, నాన్న దుప్పటి తీసి, గొలుసు విప్పి, ప్లగ్గు కోసం చెయ్యి చాపారు. ఎవరి వైపు చాపారో ఆయనకే తెలియాలి. మెకానిక్కు షాపులు ఇంకా తెరవలేదు, నేను వెళదామనుకున్న బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. తరువాతి బస్సులో నాన్నా నేనూ నిలబడి మైలవరం చేరేసరికి, ఇంటర్వ్యూలు ముగించి గదికి తాళం వేస్తున్నారు. ఎంత బతిమాలినా వినలేదు. తిరుగు బస్సులో నాన్న, "చూశావా అమ్మాయ్, ఓనరుకే కదలని బండి దొంగకేం కదులుద్ది!" అన్నారు. బస్సులోంచి దూకేద్దామనిపించింది.

ఆ స్కూటరును ఎవరూ ఎత్తుకుపోలేదు. ఆ ఉద్యోగమే ఇంకెవరికో పోయింది. ఇప్పుడు మా ఇంట్లో మనిషికో బండి, ఎవరి తాళం వాళ్ళ జేబులో. అమ్మ ఇంట్లో ఉంటే తప్ప బండి కదలని రోజులవి. ఇప్పుడు నేను ఇంట్లో ఉన్నానో లేదో చూడకుండానే బళ్ళన్నీ బయలుదేరిపోతున్నాయి.