బాక్టీరియా బతికినందుకు మిఠాయి

"నిదానం" అనే మాట వింటేనే ఒళ్లు మండే వయసు ఒకటుంటుంది. ఆ రోజుల్లో బస్సు ఆలస్యమైనా, అన్నం ఉడకడం ఆలస్యమైనా లోకమంతా నామీద పగబట్టినట్టే ఉండేది నాకు. (చూసేవాళ్లు నేను ఏడో నెలలోనే పుట్టాననుకుంటారని మా అమ్మ అనేది. నిజానికి నెలలన్నీ నిండాకే పుట్టాను. ఎలా ఆగానో మాత్రం తెలియదు.) అలాంటిదాన్ని, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ అవగానే దమ్మపేట నుంచి ఖమ్మం వచ్చి, వెతికి వెతికి మరీ భూమ్మీద అతి నిదానమైన ఉద్యోగంలో చేరాను.

మణుగూరు వైపు అడవి మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి నేను చేరిన కాలేజీ ల్యాబులో పెద్ద మేడమ్ ఒక కొత్త పదార్థాన్ని తీశారు. అది బాక్టీరియాను చంపుతోంది. ఎలా చంపుతోందో మాత్రం తెలియదు. అది కనిపెట్టడమే నా పని. మేడమ్‌ది సత్తుపల్లి, మాట మెత్తన, పట్టు గట్టి. "చూడమ్మా, మందు కొంచెం కొంచెం పెంచుకుంటూ పో. అన్నీ చచ్చినా ఎక్కడో ఒకటి తట్టుకుని బతుకుతుంది. దాని జన్యువుల్లో ఏది మారిందో చదివితే, మన మందు దెబ్బ ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది" అన్నారు. అంటే మందుకు లొంగని బాక్టీరియాను చేజేతులా పెంచాలన్నమాట. (పెంచేది మనుషుల జోలికి రాని వేరే మట్టి బాక్టీరియానే. అయినా ఫోన్లో ఈ మాట విన్న అమ్మ, ఇంటికొచ్చినప్పుడు గుమ్మంలోనే చేతులు కడుక్కోమంది.)

దవాఖానాల్లో బాక్టీరియా మందులకు లొంగడం లేదని డాక్టర్లు తలలు పట్టుకుంటుంటే, మా బాక్టీరియా మాత్రం చుక్క మందుకే బుద్ధిగా చచ్చిపోయేది. పొద్దున వెళ్లేసరికి గాజు గొట్టంలో వాటిని పెంచే ద్రావణం తేటగా ఉండేది. బతికి ఉంటే మసకబారాలి. "బతుకవే తల్లీ" అని గొట్టాలను బతిమాలేదాన్ని. అన్నం సగంలో వదిలేసి చూసొచ్చేదాన్ని. "నువ్వు చూస్తే పెరగవమ్మా అవి" అనేవారు మేడమ్, తల ఎత్తకుండానే.

నేను కిరాయికున్న ఇల్లు కూలర్ చాచాది. కింద కూలర్లు బాగుచేసే దుకాణం, పైన నా గది. మెట్లు దడదడా దిగుతానని నాకు "జల్దీ బేటీ" అని పేరు పెట్టాడు. ఆయనకు షుగరు. కాలి వేలికి పుండు పడి మానడం లేదు. గుడ్డ చుట్టుకుని కుంటుతూనే పని చేసేవాడు. రోజూ ఒకటే ప్రశ్న, "నీ మందు తయారైందా బేటీ?" నేనూ ఆత్రం కొద్దీ "అయిపోవచ్చింది చాచా" అనేసేదాన్ని.

"డాక్టరిచ్చిన గోలీలు వేసుకున్నవా?" అని ఒకరోజు నేనడిగాను.

"అవ్, నొప్పి తగ్గేదాంక వేసుకున్న. తగ్గినంక ఎందుకని బంజేసిన."

"మిగిలినవి?"

"మేక దగ్గుతుంటే దానికేసిన."

కోర్సు మొత్తం వాడకపోతే ఎలాగని మందలించాను. మేక మాత్రం బాగానే ఉందన్నాడు.

ఒకరోజు పొద్దున ల్యాబుకు వెళ్తే, ఎక్కువ మందున్న గొట్టం మసకగా ఉంది. బతికింది! మేడమ్ మైక్రోస్కోపులో చూసి, బయటి నుంచి పడ్డది కాదు, మనదేనని తల ఊపారు. ఇక ఆగుతానా? బజారుకు పరిగెత్తి మిఠాయి డబ్బా కొని, ల్యాబులో అందరికీ పంచి, మధ్యాహ్నానికల్లా దుకాణంలో చాచా ముందు నిలబడ్డాను.

"మందొచ్చిందా?" ఆయన ముఖం వెలిగిపోయింది.

"కాదు చాచా, బాక్టీరియా బతికింది! ఎంత మందు పోసినా చావలేదు!"

చాచా నా చేతిలోని మిఠాయిని చూశాడు. తర్వాత తన కాలిని చూసుకున్నాడు. "నా కాల్లది గూడ గట్లనే బతికింది బేటీ. దానికి ఎవలు పంచాలె మిఠాయి?"

ఆయన నవ్వుతూనే అన్నాడు. నేను మిఠాయి డబ్బా మూసేశాను. గుడ్డ విప్పమన్నాను. వేలు నల్లబడి ఉంది. పెద్ద దవాఖానాకు పోదామంటే, "కాలు తీసేస్తరు, నేను రాను" అని మొండికేశాడు. "ఇంక ఆగితే నిజంగనే తీస్తరు చాచా, జల్దీ పోదాం" అని, వెంటనే ఆటో పిలిచి ఎక్కించాను. అక్కడ పుండులోంచి నమూనా తీసి, ఏ మందుకు లొంగుతుందో పరీక్షకు పెట్టారు. బాక్టీరియా పెరిగేదాకా ఆగమన్నారు. ఆగమని నాకు చెప్పడమా! నేను వరండా ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతుంటే, చాచా మంచం మీది నుంచి "కూసో బేటీ, నాకు కళ్లు తిరుగుతున్నయ్" అన్నాడు. పాతకాలపు మందు ఒకటి పనిచేస్తుందని తేలింది. వేలు పోయింది గానీ కాలు దక్కింది.

ఇక మా బాక్టీరియా సంగతి. బతికినదాని జన్యువులు చదివితే, అది మందును లోపలికి రాగానే బయటికి తోడిపోస్తోందని తెలిసింది. తప్పించుకునే ఉపాయం తెలిసింది గానీ, దెబ్బ ఎక్కడ తగులుతోందో తెలియలేదు. మళ్లీ మొదటికొచ్చాం. చాలాకాలానికి వేరే గొట్టంలో బతికిన బాక్టీరియా అసలు గుట్టు విప్పింది. మా పదార్థం బాక్టీరియా తన ఒంటి చుట్టూ గోడ కట్టుకోకుండా అడ్డుపడుతోంది. మేము గంతులేసిన వారంలోనే, అది మనిషి రక్తకణాలను కూడా పగలగొడుతోందని ఇంకో పరీక్షలో తేలింది. ఇక అది మందు కాదు.

ఆ సంగతి చాచాకు చెప్పడానికి మెట్లు మెల్లగా దిగాను, జీవితంలో మొదటిసారి.

"మరి గిన్ని దినాలు ఏం జేసినవ్ బేటీ?"

"అది ఎట్ల పనిచేస్తదో, ఎందుకు పనికిరాదో తెలుసుకున్నం చాచా."

ఆయన కూలర్ మోటారు పక్కన పెట్టాడు. "మంచిగైంది. నాకిచ్చినంక తెలిస్తే ఏంగావాలె?" అని, టీ తెప్పించాడు.

ఇప్పుడు భద్రాచలంలో ఒక దవాఖానా ల్యాబులో చాచా పుండుకు చేసినలాంటి పరీక్షలే చేస్తున్నాను. రోగుల వెంట వచ్చినవాళ్లు కిటికీ దగ్గర నిలబడి "రిపోర్టు ఇంకెప్పుడమ్మా?" అని అడుగుతుంటారు. బాక్టీరియా పెరగడానికి టైం పడుతుందని, కాస్త ఓపిక పట్టమని వాళ్లకు ఎంతో నెమ్మదిగా చెబుతాను. చెబుతున్నంతసేపూ నా వేళ్లు బల్లమీద దరువేస్తూనే ఉంటాయి. వాళ్లు నా మాట విని కుదుటపడతారు గానీ, ఆ వేళ్లు మాత్రం ఇన్నేళ్లయినా నా మాట వినవు.