రాలిన కాయ

పోలారావుకి కొబ్బరితోట ఉంది, దాని వెనక కాసిని జీడిమామిడి చెట్లూ ఉన్నాయి. పూండి స్టేషనుకీ అక్కుపల్లి సముద్రానికీ నడుమనున్న ఆ ఊళ్ళో అతన్ని కాస్త కలిగినవాళ్ళ లెక్కలోనే వేసేవారు. అలాంటి మనిషి ఇంట్లో నెలల తరబడి కొబ్బరి పచ్చడి నూరలేదంటే ఎవరూ నమ్మరు. ఉద్దానమనే ఆ ప్రాంతంలో పప్పులోకి కొబ్బరి, కూరలోకి కొబ్బరి, ఏమీ లేని రోజున అన్నంలోకి కొబ్బరీ బెల్లమూ. అయినా ఆ ఇంట్లో కొబ్బరి కోరే కోరాము తుప్పు పట్టిపోయింది. దానికంతటికీ మూలం ఒక రేడియో.

రేడియో మీద పోలారావుకి మొదట్నించీ మోజేమీ లేదు. భార్య రత్నాలమ్మ తమ్ముడు సీతారాం టెక్కలిలో తాలూకా ఆఫీసు గుమస్తా. ఓసారి పోలారావు వాళ్ళింటికి వెళితే గూట్లో రేడియో పాడుతోంది. ఇతను ఊరుకోక మీట మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకు బావా, టేషను జారిపోద్ది," అన్నాడు సీతారాం.

అంతే, ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నెలజీతం గుమస్తా, పెరట్లో ఒక్క కొబ్బరిచెట్టు లేనివాడు, తోటున్న రైతుని ముట్టుకోవద్దంటాడా? తిరుగుదారిలో నౌపడాలో రైలెక్కిన పోలారావు పూండిలో దిగలేదు. టికెట్టు పూండి దాకే అయినా పలాస దాకా వెళ్ళి, కాశీబుగ్గలో మన్మథరావు కొట్టుమెట్లు ఎక్కాడు.

మన్మథరావు కొట్టులో గుడ్డల దగ్గర్నుంచి గడియారాల దాకా దొరకని వస్తువు లేదు. వెనక గోడౌన్లో కొబ్బరీ జీడిపిక్కలూ కొంటాడు. అంటే ఉద్దానం రైతుకి డబ్బిచ్చేదీ అతనే, ఆ డబ్బు పుచ్చుకునేదీ అతనే. డబ్బు తేలేదని పోలారావు నసిగితే అతను నొచ్చుకున్నాడు.

"నానడిగినానా బాబూ? మీ సెట్లు నాకు తెలీవేటి? వొచ్చే దింపుకి సూసుకుందాం, తీసుకెల్లండి," అన్నాడు.

చెట్లెక్కి కాయలు కోసి దించే రోజు దింపు. ఉద్దానానికి జీతాలరోజు అదే. రైతుకి చెట్టువంక చూస్తే పైనున్న కాయలు ఇప్పటికే జేబులో పడ్డట్టుంటుంది. పోలారావుకి మరీను.

రేడియో వచ్చింది. పోస్టాఫీసులో దానికి లైసెన్సు కట్టాల్సి వచ్చింది. సాయంత్రమయ్యేసరికి ఊరంతా వాకిట్లో చేరేది. వచ్చినవాళ్ళని ఊరికే కూచోబెడితే ఏం మర్యాద? టీ మొదలైంది. టీకి పంచదార, పాలు, గాజుగ్లాసులు కావాలి. చీకటి పడితే పెట్రోమాక్సు లైటు కావాలి. నేలమీద కూచుంటే తేళ్ళు కుడతాయని బల్లలు వచ్చాయి. వానకి తడుస్తున్నారని వసారా దింపి ఎర్ర పెంకులు వేయించాడు. వ్యవసాయ కార్యక్రమం ఎన్నింటికో తెలియాలి గనక చేతికి గడియారం కూడా పెట్టాడు. ఒకదాని చెయ్యి పట్టుకుని ఒకటి, అన్నీ మన్మథరావు కొట్టులోంచే నడిచి వచ్చాయి. పోలారావు తాగుబోతు కాడు, పేకాట తెలీదు. తన రూపాయిని నలుగురూ తాగిపోతుంటే చూసి సంతోషించడం ఒక్కటే అతని వ్యసనం. అది వ్యసనమని ఎవరూ చెప్పరు, తాగేవాళ్ళు అసలే చెప్పరు.

ఒక్క రత్నాలమ్మ చెప్పింది. "మావా, దింపు మీద దింపు ఎల్లిపోతంది గానీ ఇంటికి పైసా రాలేదు. ఆ సావుకారు దగ్గర లెక్క ఓపాలి సూసుకో."

"ఆయన అడగడం నేదే, నీకెందుకే బెంగ," అన్నాడు పోలారావు.

నిజమే, మన్మథరావు అడగలేదు. అడగకపోవడంలోనే అతని వ్యాపారమంతా ఉంది. ఓ మధ్యాహ్నం స్టాంపు కాగితంతో తనే వచ్చాడు. ఎర్ర పెంకుల కింద, తన కొట్టు బల్లమీద కూచుని, తన కొట్టు గ్లాసులో టీ తాగుతూ నెమ్మదిగా చెప్పాడు. బాకీ చాలా దూరం వెళ్ళింది. అది తీరేదాకా తోటలో కాపు తనది. వచ్చే ఏడు ఉగాది లోపల తీరితే సరే, తీరకపోతే తోట తన పేర రాసివ్వాలి.

"సెట్లు మీయే బాబూ. కాయ మాత్తరమే నాది," అన్నాడు.

పోలారావు సంతకం పెట్టాడు. మర్నాడు మన్మథరావు మనిషి సూర్యారావు తారుడబ్బా పట్టుకుని తోటలోకి దిగి, ప్రతి చెట్టు మొదలుకీ మొలతాడంత ఎత్తున నల్లటి పట్టీ చుట్టాడు. ఆ పట్టీ అంటే ఏమిటో ఆ పక్క పిల్లలకి కూడా తెలుసు. పట్టీ ఉన్న చెట్టుకాయ కోసినా షావుకారిదే, దానంతటది రాలినా షావుకారిదే. రాలిన కాయని తడికె దగ్గర రాతిమీద పెట్టాలి. దింపు రోజున బండి వచ్చి వాటినీ ఎత్తుకుపోతుంది.

ఆ రోజు రత్నాలమ్మ ఏడవలేదు, అరవలేదు. కోరాము గోడకి తగిలించి, "పట్టీలు పోయేదాక ఈ ఇంట కొబ్బరి మాట వొద్దు. మన సెట్టుది ముట్టుకోకూడదు, బజారుది కొనడానికి సిగ్గు," అంది.

అప్పట్నించి తోటలో కాయ రాలితే ఆమె గుండె కూడా దబ్బున రాలేది. అన్నం తింటున్నా సరే లేచి పరుగెత్తుకెళ్ళి, కాయ తీసి, పరుగుతోనే రాతిమీద పెట్టి వచ్చేది. ఆలస్యమైతే ఎవరైనా చూసి దాచుకుంటోందనుకుంటారని భయం. తన పెళ్ళినాటి నుంచీ నీళ్ళు పోసిన చెట్లకింద తనే దొంగలా పరుగెత్తడం ఆ ఇల్లాలికి ఎంత అవమానమో పోలారావుకి తెలుస్తూనే ఉండేది. చూడలేక మొహం పక్కకి తిప్పుకునేవాడు.

తీర్చాలి. ఎలా తీరుస్తాడు? జీడిమామిడి పంట ఏడాదికోసారి, అదీ చాలదు. చిన్నప్పట్నించీ చెట్లెక్కడం వచ్చు, ఆ విద్య ఇంకా కాళ్ళలో ఉంది. కానీ తోటున్న రైతు ఇంకొకరి చెట్టెక్కి కూలి పుచ్చుకోవడం ఆ ఊళ్ళో లేదు. అందుకని తెల్లారకుండా కత్తీ, చెట్టెక్కేటప్పుడు కాళ్ళకి తగిలించుకునే బందమూ సంచీలో వేసుకుని, ఎవరూ ఎరగని దూరపు ఊళ్ళకి వెళ్ళేవాడు. గీసుకుపోయిన ఛాతీ మీద చొక్కా తొడుక్కుని సాయంత్రానికి తిరిగి వచ్చి, గడియారం చూసుకుని రేడియో పెట్టేవాడు. పగలంతా కూలివాడు, పొద్దువాలితే షావుకారు. సంపాదించిన దాంట్లో సగం మళ్ళీ టీలోకే పోయేది. మూర్ఖత్వం కాదా అంటే మూర్ఖత్వమే. కానీ అలవాటు పడ్డ గౌరవాన్ని వదులుకోవడం కంటే చెట్టుమీంచి పడిపోవడం తేలికనిపించే రోజులు మనిషికి ఉంటాయి.

దాన్ని ఆపింది రత్నాలమ్మే. ఓ సాయంత్రం ఎప్పటిలాగే పళ్ళెంనిండా గ్లాసులు తెచ్చి అందరికీ ఇచ్చింది. అన్నిట్లోనూ మంచినీళ్ళున్నాయి. చేతిలో గ్లాసులు పట్టుకుని అందరూ పోలారావు వంక చూశారు. రేడియోలో ఎవరో వరి తెగుళ్ళ గురించి చెబుతున్నారు. పోలారావు లేచి దాని గొంతు తగ్గించాడు.

"అప్పుల్లో ఉన్నాను. కూలికెల్లి సెట్లెక్కుతున్నాను. ఇకనించి ఈ ఇంట టీ నేదు. రేడియో ఇంటే ఇనండి," అన్నాడు.

ముసలి నరహరి నీళ్ళు తాగేసి గ్లాసు కింద పెట్టాడు. "సెట్లకి పట్టీలు మాకు అగుపడ్డం నేదేటిరా? నీకే అగుపడ్డం నేదనుకున్నాం," అన్నాడు.

ఆ రాత్రి పోలారావు ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపోయాడు. దాచడానికి ఏమీ మిగలని మనిషికి అంత సుఖం ఉంటుందని అతనికి అప్పుడే తెలిసింది. మర్నాడు పట్టపగలే, సంచీ లేకుండా, కత్తి భుజాన వేసుకుని వీధిలోంచి నడిచి వెళ్ళాడు.

రేడియో అమ్మేద్దామని టెక్కలి వెళ్ళాడు. కొనగలిగినవాడు సీతారామే అనుకున్నాడు. తీరా చూస్తే గూడు ఖాళీగా ఉంది.

"మీ రేడియో ఏదిరా?"

సీతారాం తల గోక్కున్నాడు. "అది మాది కాదు బావా. మా హెడ్డు గుమస్తా ఊరెల్తూ నా కాడ ఉంచినాడు. పాడైపోతాదేమోనని నిన్ను కూడా ముట్టుకోవద్దన్నాను."

పోలారావు నడివీధిలోకి వచ్చాక నవ్వాడు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఎవరో దాచమని ఇచ్చిన పెట్టె మీద పంతానికి తన తోట నల్లబడింది. చివరికి దాన్ని పూండి స్టేషను దగ్గర కాఫీహోటలువాడు సగం ధరకి కొన్నాడు. ఊళ్ళోవాళ్ళు ఇప్పుడు అక్కడికెళ్ళి, డబ్బులిచ్చి టీ తాగుతూ పాటలు వింటారు. గడియారం, పెట్రోమాక్సు కూడా అదే దారి పట్టాయి.

వానాకాలం వెళ్ళాక ఓ రోజు సూర్యారావు తడికె దగ్గర నిలబడి లోపలికి రావడానికి మొహమాటపడ్డాడు. షావుకారుకి దింపు చేసే కృష్ణారావు కాల్లో పెంకుముక్క దిగిందట. బండి వచ్చేసింది, ఎక్కే మనిషి లేడు.

"అడగడానికి నోరు రాడం నేదు పోలారావూ. మీ తోటే..."

"పని పనే. కూలెంత?" అన్నాడు పోలారావు.

అలా తన చెట్లు తనే కూలికెక్కాడు. తారుపట్టీ దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ కాలు దానిమీద ఆనకుండా దాటించేవాడు. పైకెక్కితే అక్కుపల్లి వైపు సముద్రం, దానిమీద తెప్పలు. ఇటు తిరిగితే తన ఇంటి కప్పు. అంత ఎర్రటి పెంకులు ఊళ్ళో మరెవరికీ లేవు. చూసి మొదట నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. ప్రతి గెలనీ తట్టి చూసి, ముదురు కాయని మాత్రమే కోశాడు. షావుకారు కాయైనా చెట్టు తనదే కదా.

ఆ పక్క దింపుకి ఓ రివాజు ఉంది. డబ్బుతో పాటు ఎక్కినవాడికి కొన్ని కాయలివ్వాలి, అవి అతనే ఏరుకోవాలి. పోలారావు వంగి అన్నిటిలోకీ చిన్నవాటిని ఏరుకున్నాడు. సూర్యారావు చూశాడు. కుప్పలోంచి పెద్దకాయ ఒకటి తీసి అతని చేతుల్లో పెట్టాడు.

ఇంటికొచ్చి ఆ కాయలు గుమ్మంలో పెడితే రత్నాలమ్మ మొహం మాడిపోయింది.

"పట్టీ సెట్టుదేటి?"

"పట్టీ సెట్టుదే. కూలికొచ్చింది. సూర్యారావు సేతుల్తో ఇచ్చినాడు."

ఆమె కాయ చేతిలోకి తీసుకుంది. చెవి దగ్గర ఆడించి నీళ్ళ చప్పుడు వింది. "అలగైతే ఇది తోట కాయ కాదు. నీ కాయ," అంది. గోడకున్న కోరాము దింపి, చింతపండుతో తుప్పు తోమింది. ఆ పూట పచ్చడి తింటూ పోలారావు చెంబెత్తి నీళ్ళు తాగాడు. కారం ఎక్కువైందా అని ఆమె అడిగితే అవునన్నాడు. నిజానికి ఆ పచ్చడిలో కారం తక్కువే. తోట కాయలన్నీ తనవైన రోజుల్లో ఒక్క కాయ కూడా ఇంత తియ్యగా లేదని అతనికి చెప్పాలనిపించింది గానీ, ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

ఆ తర్వాత అతనికి దింపులకి లోటు లేకపోయింది. గెల తట్టి చూసే మనిషని పేరొచ్చి, సొంత ఊరివాళ్ళే పిలిచేవారు. జీడిపిక్కలకి ఆ ఏడు మంచి ధర పలికింది. ఉగాదికి రెండు రోజుల ముందు కాశీబుగ్గ వెళ్ళి చివరి రూపాయి కట్టి, స్టాంపు కాగితం వెనక్కి తీసుకున్నాడు. మన్మథరావుకి నిజంగానే సంతోషమైంది, బాకీ తీర్చినవాడు మళ్ళీ పుట్టిన ఖాతాదారు.

"బాబూ, కొత్తరకం రేడియోలు దిగినాయి. బుజానేసుకుని తిరగొచ్చు. ఓపాలి సూడండి, డబ్బుదేటుంది."

"డబ్బు తెచ్చిననాడు సూత్తాను," అని పోలారావు మెట్లు దిగాడు. దిగుతూ ఓసారి వెనక్కి తిరిగి చూసిన మాట వాస్తవం. మనిషే కదా.

ఉగాది ముందురోజంతా కత్తితో తారు గీకాడు. పూర్తిగా పోలేదు. చెట్టు చెట్టుకీ బూడిదరంగు మచ్చ మిగిలింది. రత్నాలమ్మ సున్నం పూస్తానంటే వద్దన్నాడు. అది అలాగే ఉండాలన్నాడు.

సాయంత్రం ఇద్దరూ అన్నాలకి కూచున్నారు. తోటలో దబ్బున కాయ రాలింది. రత్నాలమ్మ ముద్ద వదిలేసి, ఎంగిలిచేత్తోనే పరుగెత్తింది. రొప్పుకుంటూ తిరిగొచ్చి మళ్ళీ అన్నం కలపసాగింది.

"ఎక్కడెట్టినావే?" అన్నాడు పోలారావు.

"రాతిమీదే. మరెక్కడెడతాను," అంది. అంతలోనే కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. తలెత్తి మొగుడి వంక చూసింది. కళ్ళు నిండిపోయాయి.

పోలారావు లేవబోయాడు. "కూకో, నాను తెత్తాను."

"వొద్దు. నానే తెత్తాను," అని చెయ్యి కడుక్కుని, చెంగుతో తుడుచుకుని వెళ్ళింది. తడికె అవతల నరహరి కోడలు నీళ్ళబిందెతో పోతోంది. ఆమె చూస్తుండగానే రాతిమీది కాయ తీసి, చంకన పెట్టుకుని, రత్నాలమ్మ మెల్లగా నడిచి ఇంట్లోకి వచ్చింది.